సీటు తడవకూడదు

మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఫ్రిజ్ తలుపు పిడికి గుడ్డ తొడుగు, ఫ్రిజ్ నెత్తిన అంచులు కుట్టిన టోపీ, వాషింగ్ మెషీన్‌కి జిప్పున్న చొక్కా, సోఫాకి కవరు, ఆ కవరు మాయకుండా దాని మీద దుప్పటి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన దగ్గర ఖాకీ గుడ్డతో కవరు కుట్టించిన సూట్‌కేసు ఒకటి ఉండేది. దాని అసలు రంగేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. చూద్దామని ఓసారి గుండీలు విప్పబోతే, "దుమ్ము పడుతుంది, వద్దులే" అన్నారు. మనిషి మంచివారే. పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఏ వస్తువు కొన్నా, ఎవరో ఊరెళ్తూ మా దగ్గర దాచుకున్నట్టు చూస్తారు.

అలాంటి మనిషి కారు కొన్నారు. ఇక చెప్పేదేముంది.

కారు కొన్నది మా అత్తగారి కోసం. ఢిల్లీకి వచ్చిన ఇన్నేళ్ళలో మాకు కారు అవసరం పడలేదు. ద్వారకలో ఫ్లాటు, గేటు దాటితే మెట్రో, ఇద్దరం అందులోనే ఆఫీసులకి వెళ్ళొచ్చేవాళ్ళం. మామగారు పోయాక అత్తగారు అమలాపురం నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి షుగరు, దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. మెట్రో మెట్లు ఆవిడ వల్ల కాదు. పగలంతా ఒక్కరే కూర్చోవాలి. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "తిన్నావుటే?" అని ఆవిడ అడిగితే, "హా నానమ్మా, ఖా లియా" అనేసి ఫోన్లోకి వెళ్ళిపోతుంది. పక్క ఫ్లాట్ల ఆంటీలు వచ్చి నమస్తే పెడితే ఆవిడా నమస్తే పెట్టేవారు. అక్కడికి భాష అయిపోయేది.

ఊరికి ఆ చివర, మయూర్ విహార్‌లో, ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు కొడుకు దగ్గర ఉంటున్నారని తెలిసింది. ఇద్దరూ ఒక్క వీధిలో పెరిగారు, ఒక్క ఏడాదిలో పెళ్ళిళ్ళయి విడిపోయారు. ప్రతి శనివారం అత్తగారిని అక్కడికి తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ తీసుకురావాలన్నది మా ఆయన ఆలోచన. అందుకే కారు. వారమంతా రెండు మాటలు మాట్లాడని మనిషి, శుక్రవారం సాయంత్రానికే జంతికలు వండి డబ్బాలో సర్దుకుని, రేపు కట్టుకునే చీర కుర్చీ మీద వేసుకునేవారు. అక్కడ ఆ ఇద్దరూ ఎవరెవరినో తిట్టుకుంటూ, ఎప్పుడో పోయినవాళ్ళని కూడా వదలకుండా, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకునేవారు. వచ్చే శనివారం దాకా ఆవిడకి ఆ నవ్వే తిండి.

బండి ఇంటికి వచ్చిన రోజున సీట్ల మీద షోరూం వాళ్ళ ప్లాస్టిక్ ఉంది. తీసేద్దామని నేను చెయ్యి వేశానో లేదో, కింద ఫ్లాటు అంకుల్ పరిగెత్తుకొచ్చారు. పంజాబీ ఆయన, ఏదో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "మత్ ఉతార్నా బేటీ. ప్లాస్టిక్ ఉతర్ గయా తో గాడీ పురానీ హో గయీ" అన్నారు. ప్లాస్టిక్ తీసిన క్షణం నుంచీ బండి పాతదే అయిపోతుందట. ఇది ఆయన సొంత అభిప్రాయం కూడా కాదు, మా సొసైటీ ఆచారం. పార్కింగులో ఓ చుట్టు తిరిగితే ఎవరి కారులో చూసినా ప్లాస్టిక్కే, కొన్నిటిలో పసుపు పచ్చబడి, అంచుల దగ్గర పగిలి, అయినా సరే ఉంది. అంకుల్ డీజిల్ బండి ఆయన ఉద్యోగంలో ఉండగా కొన్నది. బయట రెండు సొట్టలు, లోపల సీట్లు మాత్రం పురిటి బిడ్డలు. తలుపు తెరిచి మా ఆయనకి చూపించారు. మా ఆయన చేతులు కట్టుకుని, గర్భగుడి ముందు నిలబడ్డట్టు చూశారు.

ప్లాస్టిక్ మీద ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పాలి. కదిలితే కరకరమంటుంది. బ్రేకు వేస్తే మనం ముందుకి జారతాం, వేగం పెంచితే వెనక్కి. మే నెల ఎండలో ఆపి ఉంచిన బండి ఎక్కితే వీపుకి అట్ల పెనమే. దిగేటప్పుడు చీరతోపాటు ప్లాస్టిక్ కూడా లేచి వస్తుంది, దాన్ని ఒలుచుకుని దిగాలి. అత్తగారు జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో పైన పిడి పట్టుకుని, కిమ్మనకుండా కూర్చునేవారు. నేను మాత్రం కిమ్మంటూనే ఉన్నాను. "ప్లాస్టిక్ అయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అనేదాకా వచ్చింది వ్యవహారం. మా ఆయన కాస్త ఆలోచించి, "పోనీ, కవర్లు వేయిద్దాం" అన్నారు. ఆలోచించారన్నదే నాకు మండింది.

కరోల్ బాగ్‌లో కార్ల సామాన్ల బజారుకి వెళ్ళాం. కుర్చీల్లో కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, పెళ్ళి పట్టుచీరలు పరిచినట్టు మా ముందు ముక్కలు పరిచాడు షాపాయన. వెల్వెట్టు ఉంది, చలికాలం వెచ్చగా ఉంటుంది, కానీ ఢిల్లీ దుమ్మంతా అందులో కాపురం పెడుతుంది. జాలీ గుడ్డ ఉంది, చిన్న చిన్న కన్నాలతో, వీపుకి గాలి ఆడుతుంది, కానీ ఆ కన్నాల్లో బిస్కెట్టు పొడి ఇరుక్కుంటే పళ్ళపుల్లతో తీసుకోవాలి. నూలు గుడ్డ ఉంది, తువ్వాలు నేత, చల్లగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, విప్పి ఉతుక్కోవచ్చు. తోలు ఉంది, దాని సంగతి మా జీతాలకి అనవసరం. ఇక మిగిలినవన్నీ రెగ్జీన్ వంశమే. పలచనిది రెగ్జీన్, కాస్త మందంగా ఉంటే ఆర్ట్ లెదర్, ఇంకాస్త మెత్తగా ఉంటే నప్పా. నప్పా అనే మాట అనేటప్పుడు షాపాయన గొంతు తగ్గించాడు.

నేను నూలు గుడ్డ పట్టుకుని వదల్లేదు. "ఇది తడిస్తే తాగేస్తుంది" అన్నారు మా ఆయన. "గుడ్డ తాగక ఏం చేస్తుందండీ?" అన్నాను. అప్పుడు షాపాయన ఒక రెగ్జీన్ ముక్క తీసి బల్ల మీద పెట్టి, సీసాలో నీళ్ళు దాని మీద ఒంపాడు. నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి. "ఏక్ బూంద్ నీచే నహీ జాయేగీ, సర్" అని, ముక్క ఎత్తి కింద పొడిగా ఉన్న బల్ల చూపించాడు. ఒక్క చుక్క దిగదు. ఆ పొడి బల్ల మీద మా ఆయన వేలు పెట్టి రాశారు, వేలు చూసుకున్నారు. ఆయన మొహంలో అంత సంతోషం మా అమ్మాయి పుట్టినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

నేనింకా వదలకుండా, ఎండకి కాలదా, గాలి ఆడుతుందా అని అడిగాను. "ఏసీ చలాయియే మేడమ్" అన్నాడు, ఏసీ వేసుకోమని. సీటు పక్కన ఎయిర్ బ్యాగ్ ఉందే, దాన్ని ఈ మందం ఆపదా అని అడిగాను. అటువైపు కుట్టు విడిగా, పలచని దారంతో వేస్తామని, గట్టిగా పొడుచుకొస్తే దారమే తెగిపోతుందని చూపించాడు. దానికి ఒప్పుకున్నాను. మిగతా దేంట్లోనూ నా మాట నెగ్గలేదు. కాఫీ రంగు రెగ్జీన్, మీద డైమండ్ కుట్టు, అంచుకి ఎర్ర గోటు, కింద దళసరి ఫోము. బిగించేటప్పుడు మా ఆయన షాపాయన చెవిలో ఏదో చెప్పారు. ఇంటికొచ్చాక తెలిసింది, కవర్ల కింద షోరూం ప్లాస్టిక్ అలాగే ఉంచెయ్యమన్నారట. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, రెగ్జీన్ గీతలు పడకుండా డ్రైవరు సీటు మీద ఒక టర్కీ తువ్వాలు కూడా పరిచారు.

వానలు మొదలయ్యాక ఒక శనివారం. మయూర్ విహార్ నుంచి తిరిగి వస్తున్నాం. సాయంత్రం కురిసిన వానకి ధౌలా కువా దగ్గర ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలిచి, బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వెనక సీట్లో అత్తగారు, "ఇంకా ఎంత దూరంరా?" అన్నారు. "వచ్చేశాం అమ్మా" అన్నారు ఈయన. కాసేపటికి, "ఎక్కడైనా ఆపడానికవుతుందా నాన్నా?" అన్నారు. ఎక్కడ ఆపుతారు, చుట్టూ లారీలూ బస్సులూను. "అయిపోయింది, ఇదిగో కదులుతోంది" అన్నారు ఈయన. మూడోసారి ఆవిడ అడగలేదు.

మా పార్కింగుకి వచ్చి ఆగినా ఆవిడ దిగలేదు. "మీరు పదండి అమ్మాయ్, నేను నిదానంగా వస్తాను" అన్నారు, నా వైపు చూడకుండా. నాకు అర్థమైంది. షుగరున్న మనిషి, అంతసేపు ఎలా ఆపుకోగలరు. ఆ రెగ్జీన్ ఉందే, షాపాయన చెప్పిన మాట అక్షరాలా నిలబెట్టుకుంది. ఒక్క చుక్క కిందికి పోనివ్వలేదు. కుట్టు గుంటల్లో నిలవబెట్టి, మొత్తం ఆవిడ చీరకే అప్పజెప్పింది. అదే నూలు గుడ్డయితే సగమైనా తను తాగి, కూర్చున్న మనిషికి కాస్త మర్యాద మిగిల్చేది. ధౌలా కువా నుంచి ద్వారక దాకా ఆవిడ అందులోనే కూర్చుని వచ్చారు. నా చున్నీ ఆవిడ నడుముకి చుట్టి లిఫ్టులోకి తీసుకెళ్ళాను. లిఫ్టులో ఇంకెవరూ లేరు, అయినా ఆవిడ తల ఎత్తలేదు.

ఆవిడ బాత్‌రూంలోకి వెళ్ళారు. కాసేపటికి మా ఆయన పైకొచ్చారు, చేతిలో తడిగుడ్డతో, మొహం వెలిగిపోతూ. "చూశావా, ఒక్క చుక్క లోపలికి దిగలేదు. ఒక్క తుడుపుతో పోయింది. వాడు చెప్పింది నిజమే" అన్నారు. లోపల మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆయనకి ఎందుకో తెలియలేదు.

తరవాతి శనివారం అత్తగారికి మోకాళ్ళ నొప్పి. ఆ పై శనివారం కళ్ళు తిరుగుతున్నాయన్నారు. ఆ తరవాత కారణం చెప్పడం కూడా మానేశారు. జంతికల డబ్బా ఖాళీగా అటక ఎక్కింది. స్నేహితురాలు ఫోన్ చేస్తే, "వానలు తగ్గనీవే, వస్తాలే" అనేవారు. వానలు తగ్గాయి, ఆవిడ కదల్లేదు. మంచినీళ్ళు తాగడం తగ్గించేశారు, అది ఇంకో భయం నాకు. హాల్లో కూర్చుని అర్థం కాని హిందీ సీరియల్ చూస్తూ ఉండేవారు. "ఏమిటే దాని బాధ?" అని నన్ను అడిగేవారు కూడా, ముందైతే. ఇప్పుడు అదీ లేదు. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి ఇంక ఆ గుమ్మం దాటరని నాకు బెంగ పట్టుకుంది.

మా ఆయనకీ బెంగే. కాకపోతే ఆయన బెంగ వెతుక్కునే దారి ఒక్కటే. ఒక శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్లో తెప్పించిన పెట్టె ఒకటి వచ్చింది. దాన్ని హాల్లో, అత్తగారి ఎదురుగా, ఆవిడ కోసమే తెచ్చిన కానుకలా విప్పడం మొదలుపెట్టారు. వెనక సీటు మొత్తానికి పరిచే నల్లటి పరుపు, తలగడల దగ్గర తగిలించే పట్టీలు. "ఐదు పొరలట అమ్మా. ఎంత తడిసినా ఏం కాదు. విప్పి దులిపేస్తే చాలు. గోళ్ళతో గీకినా చిరగదట" అని చదివి వినిపించారు. అత్తగారికి ఇంగ్లీషు రాదు. పెట్టె చేతిలోకి తీసుకుని బొమ్మ చూశారు. బొమ్మలో నాలుక బయటపెట్టి, ఆ పరుపు మీద దర్జాగా కూర్చున్న ఒక పెద్ద కుక్క.

"ఇదేం కుక్కరా?" అన్నారు.

"లాబ్రడార్ అమ్మా" అన్నారు మా ఆయన.

"ముద్దుగా ఉంది" అని పెట్టె బల్ల మీద పెట్టి, లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంటింట్లోకి పిలిచి, "ఏమండీ, ఆ పెట్టె మీద ఏముందో చూశారా?" అన్నాను.

"అది ప్యాకింగు. సరుకు మంచిది, అందరూ బాగుందనే రాశారు."

"రాసినవాళ్ళు వాళ్ళ అమ్మల్ని కూర్చోబెట్టి రాశారా?"

"అమ్మకి ఇబ్బంది లేకుండా ఉంటుందనే కదా" అన్నారు ఆయన.

"సీటుకి ఇబ్బంది లేకుండా. మీ అమ్మ ఒళ్ళో మీరు ఎన్ని చీరలు తడిపి ఉంటారు? ఒక్క చీరకైనా ఆవిడ రెగ్జీన్ తొడిగించుకున్నారా?" అన్నాను. అనేశాక కూడా కోపం దిగలేదు.

మర్నాడు పొద్దున్నే కింద హడావుడి వినిపించి ఇద్దరం బాల్కనీలోకి వెళ్ళాం. పదేళ్ళు దాటిన డీజిల్ బండి ఈ ఊళ్ళో రోడ్డెక్కకూడదని నియమం ఉంది కదా. అంకుల్ కారుకి ఆ ఘడియ వచ్చింది. తుక్కు కొట్టువాళ్ళు లారీ తెచ్చారు. అంకుల్ తలుపులు నాలుగూ తెరిచి, "దేఖో, సీట్ బిల్కుల్ నయీ హై" అని వాళ్ళకి చూపిస్తున్నారు. సీట్లు సరికొత్తగా ఉన్నాయని. ఎవరికి పట్టింది. బండిని లారీ మీదికి ఎక్కించడానికి వాళ్ళలో ఒకతను, నూనె మరకల ప్యాంటుతో, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే జారాడు. విసుక్కుని, ఆ ప్లాస్టిక్‌ని చర్రున చింపి బయట పడేసి, అసలు సీటు మీద హాయిగా సర్దుకుని కూర్చుని, బండి ఎక్కించుకుపోయాడు. అంకుల్ ఆ చిరిగిన ప్లాస్టిక్ చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. పాపమనిపించింది, నవ్వూ వచ్చింది.

పక్కకి చూస్తే మా ఆయన లేరు. చెప్పులు కూడా లేవు. కిందికి వెళ్ళి చూద్దును కదా, కారు తలుపులు తెరిచి, వెనక సీటు రెగ్జీన్ కొక్కేలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నారు. దాని కింద ప్లాస్టిక్ లాగేశారు. అలవాటు ఎక్కడికి పోతుంది, తీసినవన్నీ అంచుకి అంచు కలిపి మడత పెడుతున్నారు. నేను రెండో చివర పట్టుకున్నాను. అన్నీ పోయాక అడుగున లేత బూడిద రంగు గుడ్డ సీటు బయటపడింది. మా కారు సీట్లు ఆ రంగువన్న సంగతే నేను మరిచిపోయాను.

పైకెళ్ళి, "అమ్మా, పద, వెళ్దాం" అన్నారు. "మోకాళ్ళురా" అన్నారావిడ. ఈయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "మధ్యలో ఆగుదాం. నువ్వు ఎక్కడంటే అక్కడ ఆగుదాం. నువ్వు అడగకపోయినా ఆపుతాను" అన్నారు. ఆవిడ కొడుకు మొహం చూశారు. తరవాత నన్ను పిలిచి చీర మార్చుకున్నారు.

లిఫ్టు దిగి కారు దగ్గరికి వస్తుంటే ఆవిడ చంకలో ఏదో మడత కనిపించింది. ఆ నల్ల పరుపు. "ఇది పరిచెయ్యరా, సీటు పాడైపోతుంది" అన్నారు, ఎంతో మామూలుగా. మా ఆయన ఆ పరుపు ఆవిడ చేతిలోంచి తీసుకుని, గేటు దాకా నడిచి, గార్డు పెంచుకుంటున్న వీధి కుక్క పడుకునే మూల పరిచి వచ్చారు. కుక్క వాసన చూసి, ఎక్కి ముడుచుకుని పడుకుంది. మా అందరిలో దానికి ఒక్కదానికే సరిగ్గా సరిపోయింది.

అత్తగారు తలుపు దగ్గర నిలబడి సీటు మీద అరచెయ్యి వేసి రాశారు. అటూ ఇటూ రాసి, "ఇంత మెత్తగా ఉందేంట్రా. ఇన్నాళ్ళూ ఎవరి కోసం దాచావు?" అన్నారు. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

ఆ రోజు మయూర్ విహార్ చేరేలోపు, వద్దన్నా వినకుండా, పెట్రోలు బంకు కనబడితే చాలు ఆపేశారు. ఆడవాళ్ళ వైపు ఆయన వెళ్ళలేరు కాబట్టి తనిఖీ నాది. నేను ముందు దిగి, నీళ్ళు వస్తున్నాయా, గొళ్ళెం పడుతోందా చూసి వచ్చి చెప్పేదాన్ని. కవర్ల మీద పెట్టిన చాదస్తమంతా మా ఆయన ఇప్పుడు బాత్‌రూంల మీద పెట్టారు. ఈ దారిలో ఏ బంకులో ఏది శుభ్రమో ఆయనని అడగాల్సిందే. అయినా ఒకసారి చలికాలంలో, మంచుకి బండ్లు ఆగిపోయిన రోజున, మళ్ళీ అలాగే అయింది. ఎంత కడిగినా సీటు మీద ఒక మరక చారికలాగా మిగిలిపోయింది. శనివారాలు మాత్రం ఆగలేదు.

కింద అంకుల్ కొత్త కారు కొన్నారు. ప్లాస్టిక్ తీయలేదని వేరే చెప్పక్కర్లేదు. మొన్న శనివారం మేం బయలుదేరుతుంటే వచ్చి లోపలికి తొంగి చూసి, ఆ మరక చూపించి, "బేటా, దాగ్ లగ్ గయా. కవర్ డల్వా లో" అన్నారు. మరక పడింది, కవరు వేయించుకోమని.

"వో మేరీ మమ్మీ కీ జగహ్ హై, అంకుల్" అన్నారు మా ఆయన. అది మా అమ్మ కూర్చునే చోటు అని.

అత్తగారికి హిందీ రాదు. ఒక కాలు లోపల పెట్టి, జంతికల డబ్బా చేత్తో పట్టుకుని ఆగారు. "ఏంటంటున్నాడ్రా ఆయన? సీటు గురించేనా?" అన్నారు.

"ఏం లేదమ్మా. నువ్వు కూర్చో."